ఎండలు ముదిరితేనే పుట్టేటియి

మంట దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. గోదారి గాలి తగిలితే పుష్యమాసంల మన మంచిర్యాల చలి ఎముకలు కొరుకుతది. చలి కాగుకుంట ఎండకాలం ముచ్చట చెప్పుకుంటేనే పానానికి మంచిగుంటది.

మన దిక్కు ఎండలు ఎసుంటియో మీకు ఎర్కనే. ఏప్రిల్ ఆఖరుకు పొద్దుగాల తొమ్మిదింటికే వాకిట్ల ఒట్టి కాలు పెట్టరాదు. మే నెలల 45 డిగ్రీలు దాటుడు మనకు కొత్త గాదు. శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి, ఏ దిక్కు చూసినా బొగ్గు బాయిలు, నల్లటి నేల. పొద్దంత కాగిన నేల నడిరాత్రి దాక సెగ కక్కుతనే ఉంటది. రోహిణి కార్తెల రోళ్లు పగులుతయని పెద్దలు ఉత్తగ అనలే.

అయితే ఒక్క సంగతి మనసుల పెట్టుకోండ్రి. అందరు ఎండకాలం అంటే సచ్చిన కాలం అనుకుంటరు. గడ్డి ఎండె, వాగు ఎండె, ఇంకేముంది అంటరు. నేను ఈ పెరట్ల పొద్దుగాల ఒకపారి, మాపటీలి ఒకపారి నీళ్లు పోసుకుంట చూసింది వేరే. చెట్టు చిగురేసుడు, పిట్ట గుడ్డు పెట్టుడు, పురుగుకు రెక్కలు వచ్చుడు, ఇయ్యన్ని ఎండలు ముదిరినప్పుడే ఎక్కువ. వానకాలం అందరికీ కనవడే పానాలు చానా మట్టుకు ఎండకాలంల పుట్టినయే.

మా బాపు ఈ ఇల్లు కట్టిననాడు రాళ్లవాగు దాక అన్ని చెల్కలే, తుమ్మలే. నడుమ నడుమ తాళ్లు, ఈదులు. సిమెంటు కంపెనీ 1958ల వచ్చింది. నేను దానికన్న కొన్నేండ్లు పెద్ద. మాది గూన పెంకల ఇల్లు. ఎనుక పెరడు, పెరట్ల చేదుకునే బాయి, బాయికాడ జాలారి. ఒక మామిడి, ఒక యాప, ఒక కానుగ, రెండు జామ, నిమ్మ, కల్యామాకు, మునగ. మిగిలిన జాగల వంకాయ, గోకరకాయ, పుంటికూర, తోటకూర. దడి పొంటి మైదాకు. ఎండకాలం బాయిల నీళ్లు అడుగుకు పోయేటియి. బొక్కెన ఏస్తే తాడు బారెడు బారెడు లోపటికి పోయేది. అందుకని ఒక్క చెంబెడు నీళ్లు గూడ ఉత్తగ పోనియ్యకపోయేది మా అవ్వ. తానం చేసిన నీళ్లు అరటికి, చామకు. బియ్యం కడుగు బర్రె కుడితికి. గిన్నెలు కడిగిన నీళ్లు మునగ మొదట్లకు.

మొక్కల నడుమ పాత కుండలు మెడదాక పాతిపెట్టేది అవ్వ. కుండల నీళ్లు నింపి మూత పెడితే మట్టి గోడల నుంచి మెల్లగ ఊరి ఏరుకు అందేటియి. పైన నేల పొడిగనే ఉంటది, కలుపు లేవది, ఎండకు నీళ్లు ఆవిరైపోవు. పాదుల చుట్టు మామిడాకులు, కానుగాకులు మందంగ పరిచేది. "నేలకు గూడ నీడ గావాలె కొడుకా" అనేది. వాకిట్ల రంజన్‌ల నీళ్లు సల్లగయ్యేది గూడ గదే ఊట తోని. మట్టిల నుంచి నీళ్లు బయటికి ఊరి, గాలికి ఆరుకుంట లోపటి నీళ్ల వేడిని గుంజుకపోతయి. ఇప్పటికీ ఫ్రిజ్జు నీళ్లు నాకు దాహం తీర్చయి.

ఆ పాతిన కుండల పక్కన మట్టి జర కదిలిస్తే బోదురుకప్ప కనవడేది. ఎండకాలమంత అది కుండను ఆనుకొని తడిల కూసుంటది. పొద్దు గూకినంక బయటికి వచ్చి పురుగులను పట్టుకొని తింటది, మళ్ల తెల్లారకముందే లోపటికి పోతది. ఎర్రలు గూడ అట్లనే. నేల పైన ఎండితే అయి లోతుకు పోయి చుట్టలు చుట్టుకొని నిద్రపోతయి. ఒక్క మన కుండలకాడ, ఆకులు పరిచిన పాదులకాడ మాత్రం మేల్కొనే ఉండేటియి. తొవ్వేటప్పుడు ఎర్ర కనవడితే బాపు గడ్డపార పక్కకు పెట్టి, దాన్ని చేతుల తీసుకొని ఇంకో పాదుల ఏసి మట్టి కప్పేది. బాపు ఎక్కువ మాట్లాడే మనిషి గాదు. గా పని చూసే మేము నేర్చుకున్నం.

చెట్ల సంగతి చూడుండ్రి. కానుగ ఆకు మొత్తం రాలుస్తది, పట్టున నెల గాకముందే లేత ఆకు ఏస్తది. అప్పటికి ఒక్క వాన చినుకు పడదు. రావి ఎర్రటి చిగురు, యాప చిగురు, పూత. మోదుగు అయితే ఆకు ఒక్కటి లేకుంట పూస్తది. పైన నేల ఎండినా లోతుల తడి ఉంటది, ఆ ఏర్లకు అది అందుతది. పాత ఆకు రాలగొట్టి నీళ్లు పొదుపు చేసుకొని, వానలు వచ్చేటాలకు కొత్త ఆకు తయారు పెట్టుకుంటయి. జన్నారం దిక్కు కవ్వాల అడివిల అయితే అదే కాలంల ఇప్పపువ్వు రాలుతది. పువ్వు రాలేది రాత్రి, తెల్లారగట్ల. ఎలుగుబంటి వచ్చి తినకముందే గోండోళ్లు, కోలామోళ్లు పిల్లా జెల్లతోని పోయి ఏరుకొచ్చేటోళ్లు. ఆ అడివిని 1965ల అభయారణ్యం చేసిండ్రు, 2012ల పులుల అడివి అన్నరు. పువ్వు తరువాత తునికాకు కోత. తెల్లారకముందే పోయి, పొద్దెక్కెటాలకు కట్టలు నెత్తిన పెట్టుకొని వచ్చేటోళ్లు. ఎండకాలం అడివికి పోయిన మా మేనమామ తునికి పండ్లు, మొర్రి పండ్లు మోదుగాకు డొప్పల పెట్టి తెచ్చిస్తుండె. మొర్రి పండు తిని, గింజ రాయితో కొట్టి లోపటి సార పప్పు తినేటోళ్లం.

నిమ్మ చెట్టు ముచ్చట జర ఓపికతోని ఇనుండ్రి, ఇది నాకు మస్తు ఇష్టం. మార్చి, ఏప్రిల్‌ల నిమ్మ లేత చిగురు మీద ఆవగింజ కన్న చిన్నగ, పసుపు రంగుల గుడ్లు ఉంటయి. నల్ల రెక్కల మీద పసుపు మచ్చలున్న సీతాకోక చిలుక ఒక్కొక్క ఆకు మీద ఒక్కొక్కటి పెట్టుకుంట పోతది. గుడ్డు పగిలినంక వచ్చిన పురుగు ఎట్లుంటదో తెలుసా? నల్లగ, నడుమ తెల్లటి పట్టీతోని, అచ్చం పిట్ట రెట్ట ఆకు మీద పడ్డట్టు. పిట్ట దాన్ని చూసి రెట్టే అనుకొని ముట్టది. పెద్దగైనంక రెట్ట అంత పెద్దగ ఉండది గదా, అప్పుడు రంగు మారుస్తది. నిమ్మాకు రంగుకు వస్తది. అప్పుడు గూడ ఎవడన్న ముట్టుకుంటే తల ఎనుక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి తీస్తది, ఘాటు వాసన వదులుతది. చీమలు వచ్చినా అదే మందు. ఆఖరుకు ఒక పుల్లకు నడుముకు దారం కట్టుకొని కదలకుంట గూడైతది. వారం పది దినాలకు ఒక పొద్దుగాల రెక్కలు తడితడిగ బయటికి వస్తది. రెక్కలు ఆరేదాక ఎగరది, మెల్లగ ఊపుకుంట కూసుంటది. చూడాలె అంటే నీళ్లు పోసే ఏళకు పోవాలె. పొద్దెక్కితే ఎగిరిపోతది.

ఇయ్యాల అందరు పురుగు కనవడంగనే మందు డబ్బా అందుకుంటరు. మా అవ్వ లెక్క వేరే ఉండె. పెద్ద చెట్టు అయితే ఇడిసిపెట్టు, తిన్నన్ని తిననీ, మళ్ల చిగురేస్తది. చిన్న మొక్క అయితే పురుగులను ఆకుతో సహా తెంపి పెద్ద చెట్టు మీద పెట్టు. నేను ఇప్పటికీ గదే చేస్త. మన నిమ్మ చెట్టు కాయకు ఎన్నడూ తక్కువ చెయ్యలే.

ఊర పిస్కల సంగతి మీకు చూడరాలే, అది నాకు బాధ. గూన పెంకల కింద, దూలాల సందుల ఎన్ని గూళ్లుంటుండెనో. వరి కోత కాంగనే అవ్వ కంకులు కుచ్చు అల్లి దర్వాజకు కట్టేది. పెద్ద పిస్కలు గింజలు తింటయి గని, గూట్ల ఉన్న పిల్లలకు మాత్రం మెత్తటి పురుగులే తెచ్చి పెడతయి. వంకాయ మీద, గోకర మీద ఉన్న పచ్చ పురుగులను ఒక్కొక్కటే ఏరుకపోతుంటే నేను చెంబు పట్టుకొని నిలవడి చూసేటోన్ని. మనం పోసిన గింజకు అది పెరట్ల పని చేసేది. స్లాబు ఇండ్లు అయినంక వాటికి సందు దొరకలే. లోకమంత గిదే కథ. అందుకనే 2010 సంది మార్చి 20ని పిచ్చుకల దినం అని చేస్తున్నరు. మా బడిల ఒక సారు సలీం అలీ అనేటాయన గురించి చెప్పేది. చిన్నతనంల చెర్ర తుపాకితోని ఒక పిస్కను కొట్టి, దాని మెడ కింద పసుపు మచ్చ చూసి, ఇదేం పిట్ట అని అడుగవోయి, ఆయన బతుకంత పిట్టల ఎంబడే పోయిందట. 1931, 32లల్ల ఆయన నిజాం రాజ్యమంత తిరిగి మన పిట్టల లెక్క రాసిండు. ఆ సారు చెప్పినంక నాకు మన పెరట్ల పిట్టలను చూసుడు ఒక చదువే అనిపించింది.

మామిడి చెట్టు మీద కాకి గూడు కట్టేది ఎండకాలంలనే. పుల్లలే గాదు, ఇనుప తీగ ముక్కలు గూడ తెచ్చుకుంటది. అది గూడు మొదలువెట్టంగనే కోయిల కూత మొదలు. మీరు కూ అంటే అది ఇంకా గట్టిగ కూ అంటది, మేము గూడ పోటీ పడి కూసేటోళ్లం. అది పాట అని అందరు మురుస్తరు. నల్లగ, ఎర్ర కండ్లతోని ఉండేది మొగది. ఆ కూత దానిదే. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతోని ఆకుల సందున కనవడకుంట ఉంటది. మొగది కాకి గూటి ముందటికి వచ్చి కూస్తది, కాకులు రెండూ దాన్ని తరుముకుంట పోతయి. గంతల ఆడది గూట్లకు జొచ్చి గుడ్డు పెట్టి ఎల్లిపోతది. నేను యాప చెట్టు కింద మంచం మీద పండుకొని ఈ దొంగాట ఎన్నో ఏండ్లు చూసిన. తరువాత కాకి తన పిల్లలతోని పాటు కోయిల పిల్లను గూడ సాదుతది. నోరు ఎర్రగ తెరిచి అరుస్తుంటే నడి ఎండల పోయి తిండి తెచ్చి పెడతది. కాకిని ఎవరన్న తిడితే నాకు నచ్చది. అంత ఎండల పరాయి బిడ్డను గూడ సాదే పిట్ట అది.

తీతువు పిట్ట అరిస్తే కీడు అంటరు. అది ఉత్త మాట. ఎండకాలం రాళ్లవాగు ఎండినంక, గులకరాళ్ల నడుమ ఒట్టి నేల మీద అది గుడ్లు పెడతది. గూడు లేదు, నీడ లేదు. నాలుగు గుడ్లు, రాళ్ల రంగే. అడుగు దూరంల నిలవడ్డా మీకు కనవడయి. రైలు పట్టాల పొంటి కంకరల గూడ పెడతది. కాజీపేట నుంచి బల్లార్షా పోయే ఆ లైను 1929ల పూర్తయినది, అప్పటి సంది ఎన్ని తీతువులు ఆ కంకరల పొదిగినయో. మనిషి దగ్గరికి వస్తే నెత్తి మీద చుట్టు తిరిగి అరుస్తది, దూరం తీసుకపోతది. పిల్లల కోసం అరిసే అరుపు అది, కీడెందుకైతది?

ఆ ఎండల గుడ్లు ఉడికిపోవా అని నేను బాపును అడిగిన. "చూడు" అన్నడు, అంతే. చూసిన. మన బాయికాడ జాలారి నీళ్లు పోయి చిన్న మడుగు అయ్యేది. మిట్ట మధ్యాహ్నం ఒక తీతువు అందుల దిగి, పొట్ట ఆనించి, ఈకలు తడిసేదాక అటు ఇటు కదిలి, లేచి వాగు దిక్కు పోయేది. గుడ్ల మీద కూసొని ఆ తడిని వాటికి తగిలిస్తది. దానికి బదులు ఆడనో మొగనో రెండోది వచ్చి దిగుతది. పొద్దంత గదే పని. పిల్లలు బయటికి వచ్చిననాడే ఉరుకుతయి. తల్లి అరిసిందంటే ఉన్నకాడనే నేలకు కరుసుకొని రాయి అయితయి. అవ్వకు ఈ సంగతి చెప్పిన దినం సంది ఆమె ఎండకాలం జాలారి మడుగును ఆరనియ్యలే. రంజన్ అడుగు నీళ్లు గూడ ఆడనే పోసేది.

పాలపిట్టను దసరానాడు చూడాలె అంటరు. జమ్మికి పోయి చూస్తం, మొక్కుతం. 2014ల మన రాష్ట్రం అయినంక రాష్ట్ర పక్షి గూడ అదే అన్నరు. మన మంచిర్యాల జిల్లా అయింది గూడ దసరానాడే, 2016 అక్టోబర్ 11న. గని పాలపిట్టను చూడాలె అంటే మార్చి, ఏప్రిల్‌ల చూడాలె. మొగది మీదికి ఎగిరి, ఆడ నుంచి రెక్కలు తిప్పుకుంట, పల్టీలు కొట్టుకుంట, అరుసుకుంట కిందికి వస్తది. ఆ నీలం ఎండల మెరుస్తది. ఎండిన తాటి మొండెంల బొర్ర చూసుకొని అండ్ల గుడ్లు పెడతది. అందుకనే బాపు ఎండిన తాటిని కొట్టనియ్యకపోయేది. పొయ్యిల కట్టెకు ఇంకో చెట్టు దొరుకుతది, పాలపిట్టకు బొర్ర యాడ దొరుకుతది అనేది.

దడి మీద తొండలు. మే నెల వచ్చిందంటే మొగ తొండకు తల, భుజాలు ఎర్రగైతయి, ఎక్కి కూసొని తల ఊపుతది. పోరగాండ్లు రాళ్లు పట్టుకుంటే అవ్వ చీపురు పట్టుకునేది. పురుగులు తినే జీవం అది, మనకు ఏం చేసింది?

ఎండకాలం సెలవుల్ల మేము గోదారికి పోయేటోళ్లం. నీళ్లు ఒక పాయకు పోయి మిగిలినదంత ఇసుక. ఇసుకల చేతులతోని తొవ్వి చెలిమె చేస్తే సల్లటి నీళ్లు ఊరేటియి. ఇసుక మీదనే పుచ్చకాయ, దోసకాయ పండించేటోళ్లు. ఇప్పుడు గుడిపేటకాడ ఎల్లంపల్లి కట్ట అయింది, 20 టీఎంసీల నీళ్లు ఆగుతయి, హైదరాబాదు దాక పోతయి. ఊర్లకు నీళ్లు అందుడు మంచిదే. చెలిమె నీళ్ల రుచి మాత్రం మీకు నేను నోటితోని చెప్పలేను.

రోహిణి ఆఖరుకు వచ్చేటాలకు పెరడు తీరు మారుతది. గాలి దిక్కు మారుతది. చీమలు గుడ్లు నోట పట్టుకొని బాయి గట్టు మీదికి, ఎత్తు జాగలకు బారు కడతయి. బాయి మీదికి వంగిన ఈదు చెట్టుకు గిజిగాండ్లు వస్తయి. మొగ పిట్ట పచ్చి గడ్డి పోచలు చీల్చి తెచ్చి గూడు సగం అల్లి ఆపుతది. తలకు పసుపు టోపీ పెట్టుకొని, రెక్కలు కొట్టుకుంట గూటికి ఏలాడి పిలుస్తది. ఆడది వచ్చి లోపటికి పోయి చూస్తది, గుంజి చూస్తది. నచ్చితేనే మిగిలిన సగం అల్లుడు, కింద గొట్టం దించుడు. నచ్చకపోతే ఆ సగం గూడు అట్లనే ఉంటది, మొగది ఇంకోటి మొదలువెడతది. వానగాలి తగలని దిక్కు చూసి ఎక్కువ గూళ్లు కడతయని బాపు చూపించిండు. మన దిక్కు వానలు పడమర నుంచి వస్తయి, గూళ్లు తూర్పు కొమ్మలకే ఎక్కువ.

మొదటి వాన పడ్డ రాత్రి ఉసిళ్లు లేస్తయి. దీపం చుట్టు గుప్పలు గుప్పలు. తెల్లారి చూస్తే రెక్కలు ఊడి వాకిలంత పరుచుకొని ఉంటయి, పిట్టలకు, కప్పలకు పండుగ. తడిసిన నేల మీద ఆరుద్ర పురుగులు, ఎర్రటి మఖమల్ ఒళ్లు. మేము అగ్గిపెట్టెల ఆకు పరిచి పెట్టుకొని, ఆడుకొని, మళ్ల ఇడిసేటోళ్లం. బోదురుకప్ప కుండ పక్క నుంచి బయటికి వచ్చి కూసేది గా రాత్రే.

జూన్ మొదటి వారం దాటంగనే మిరుగం. ఆ దినం మన దిక్కు ప్రతి ఇంట్ల చేపలే. పొద్దుగాలనే అవ్వ బెల్లంల ఇంగువ పెట్టి ముద్ద చేసి అందరి నోట్ల పెట్టేది, కాలం మారుతున్నది, కడుపు సల్లవడొద్దని. పిల్లలం మొఖం వంకర పెట్టుకుంటనే మింగేటోళ్లం. తిని, బాపు ఉట్టి మీద ఉన్న ఎండు ఆనిగెపుకాయ బుర్రలు దించేది. అండ్ల బూడిద కలిపి దాచిన గింజలుంటుండె. బీర, కాకర, ఆనిగెపు గింజలు రాత్రి నానబెట్టి, తెల్లారి పాదుకు నాలుగు చొప్పున పెట్టేటోళ్లం. దడి పొంటి చిక్కుడు, జాలారి పక్కన పొట్ల. గింజ పెట్టినకాడ ఉడుత రాకుంట ముల్లకంప కప్పి, పాతిన కుండలను ఊడవెరికి, కడిగి, యాప చెట్టు కింద బోర్లిచ్చి పెట్టేది. అవి మళ్ల వచ్చే ఉగాది దాక ఆడనే.